సల్లివన్‌లది కార్క్‌లో ఏ పారిష్? మిషిగన్ రాగిగనుల నుంచి వెనక్కి వెతకడం ఎలా?

రాగిగనుల కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తవారి వంశానికి సంబంధించిన ఒక చిక్కుముడి గురించి సలహా కోరుతూ ఇది వ్రాస్తున్నాను. మేము అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సు దగ్గర ఉన్న హౌటన్ కౌంటీలో ఉంటాము. మా వారు ఇక్కడే పుట్టి పెరిగినవారు. మా మామగారి ముత్తాత ఐర్లండ్ నుంచి వచ్చి, హాన్‌కాక్ దగ్గర రాగిగనుల్లో పనిచేసి, 1870ల నడుమ గనిలో జరిగిన ప్రమాదంలో పోయారు. ఆయన ఇంటిపేరు సల్లివన్. ఆయన భార్య పుట్టింటి పేరు హారింగ్టన్. ఇంట్లో పెద్దలకు ఇష్టం లేనందువల్ల పూర్తి పేర్లు ఇక్కడ పెట్టడం లేదు. ఆయనది ఐర్లండ్‌లో వీధికి పదిమందికి ఉండే పేరే కనుక పెట్టినా ఒరిగేది తక్కువే.

మా దగ్గర ఉన్న ఆధారాలు ఇవి. 1870 నాటి అమెరికా జనగణనలో దంపతులిద్దరూ, 5 ఏళ్ళ పెద్ద కూతురు హానా, 2 ఏళ్ళ కొడుకు కనిపిస్తారు. తల్లిదండ్రులూ కూతురూ ఐర్లండ్‌లో పుట్టినట్టు, కొడుకు మిషిగన్‌లో పుట్టినట్టు వ్రాసి ఉంది. 1880 నాటికి ఆమె వితంతువు. 1900 జనగణనలో ఆమె తాను 1866లో ఈ దేశానికి వచ్చినట్టు చెప్పింది. ఆయన పౌరసత్వ పత్రంలో బ్రిటన్ రాణిపై విధేయత వదులుకుంటున్నానన్న ప్రమాణం తప్ప ఊరి ఊసే లేదు. ఇంట్లో మాత్రం తరతరాలుగా ‘కార్క్’ అన్న ఒక్క మాట నిలిచింది.

ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో ఆయన 1838లో కార్క్ నగరంలోని ఒక చర్చిలో బాప్తిస్మం పొందినట్టు ఉంది. దాన్ని చూసి మరికొందరు తమ వంశవృక్షాలలో ఎక్కించుకున్నారు. 1922లో డబ్లిన్‌లో రికార్డులన్నీ కాలిపోయాయని, ఇంతకంటే మెరుగైన ఆధారం ఎవరికీ దొరకదని అందులో ఒకరు వాదిస్తున్నారు. ఆ బాప్తిస్మాన్ని నమ్మవచ్చా? నమ్మకూడదంటే ఎక్కడ మొదలుపెట్టాలి? డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పారిష్, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం, తెలుస్తుందా? మా మామగారికి ఎనభై దాటాయి. ఆ ఊరి నేల మీద ఒక్కసారి నిలబడాలని ఆయన కోరిక కనుక, తప్పు ఊరికి తీసుకువెళ్ళడం నాకు ఇష్టం లేదు.

బంట్రీ తెలుగు:

నమస్కారమండీ. నేను ఉద్యోగరీత్యా పడమటి కార్క్‌లో స్థిరపడ్డాను. మీరు చెప్పిన రెండు ఇంటిపేర్లు, రాగిగనులు అన్న మాట చూడగానే జవాబు వ్రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఆ కార్క్ నగరపు బాప్తిస్మం సంగతి. పేరు కలవడం తప్ప దానికి వేరే ఆధారమేమీ ఉన్నట్టు లేదు. కార్క్, కెర్రీ కౌంటీలలో సల్లివన్ అన్నది అత్యంత సాధారణమైన ఇంటిపేర్లలో ఒకటి. అదే పేరు గల శిశువులు ఒక్క సంవత్సరంలోనే ఎన్నో పారిష్‌లలో దొరుకుతారు. అదీ కాక ‘కార్క్’ అని వలస కుటుంబాలలో మిగిలిన మాట పుట్టిన చోటునే సూచించనక్కరలేదు. అమెరికా ఓడలు ఎక్కిన రేవు క్వీన్స్‌టౌన్, అంటే నేటి కోవ్, కార్క్ నగరం పక్కనే ఉంది. వేరే కౌంటీ అయిన టిప్పరరీ నుంచి వచ్చినవారు సైతం ‘కార్క్ నుంచి వచ్చాము’ అని చెప్పుకున్న సందర్భాలు కొల్లలు.

1922 సంగతి కూడా సగమే నిజం. ఆ ఏడాది జూన్ 30న, ఐర్లండ్ అంతర్యుద్ధపు తొలి రోజుల్లో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ ధ్వంసమైనప్పుడు 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనలు దాదాపుగా పోయాయి. చర్చ్ ఆఫ్ ఐర్లండ్ అనే ప్రొటెస్టంట్ చర్చి రిజిస్టర్లు, వీలునామాలు పెద్ద సంఖ్యలో పోయాయి. 1861, 1871 జనగణనలను ప్రభుత్వమే అంతకు ముందే నాశనం చేసింది. 1881, 1891 జనగణనలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జుకు పోయాయి. క్యాథలిక్ రిజిస్టర్లు మాత్రం ఆ భవనంలో లేనే లేవు. అవి ఆయా చర్చిలలోనే ఉండిపోయాయి కనుక మంట వాటిని తాకలేదు. సుమారు 1880 వరకు ఉన్న ఆ రిజిస్టర్ల మైక్రోఫిల్మ్‌లను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015 జూలైలో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. పౌర జనన మరణ రిజిస్టర్లు కూడా భద్రంగా ఉన్నాయి.

ఇక అసలు విషయం. సల్లివన్, హారింగ్టన్ అన్న ఇంటిపేర్లు జంటగా వచ్చి, ఆ మనిషి రాగిగని కార్మికుడైతే, ఇక్కడివారెవరైనా ముందుగా తలచుకునేది కార్క్ కౌంటీ నైరుతి కొసన అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన బేరా ద్వీపకల్పాన్నే. అక్కడి అలిహీస్‌లో 1810ల నుంచి పక్స్‌లీ కుటుంబం రాగిగనులు నడిపించింది. కొండ మీద ఇంజన్ గది ఇప్పటికీ నిలిచి ఉంది; ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి రప్పించిన గని నిపుణుల కోసం కట్టిన మెథడిస్టు ప్రార్థనాలయంలో నేడు గనుల మ్యూజియం నడుస్తోంది. ఆ గనుల్లో పని నేర్చుకున్నవారు మిషిగన్ రాగి ప్రాంతానికీ, ఆ తరువాత మొంటానాలోని బ్యూట్‌కీ గుంపులు గుంపులుగా వెళ్ళారు. కాబట్టి మీవారు బేరా వైపువారని అనుమానించడానికి గట్టి కారణమే ఉంది. అయితే అనుమానాన్ని నిర్ధారణగా వ్రాసుకోవద్దు. ఆ కార్క్ నగరపు వంశవృక్షంలో జరిగింది సరిగ్గా అదే.

మీరు మాట వరసకు చెప్పినట్టు చెప్పిన హానాయే మీకు దారి చూపుతుందని నా నమ్మకం. 1870 జనగణనలో వయస్సులను జూన్ 1వ తేదీ నాటికి లెక్కించి వ్రాశారు. ఆ నాటికి ఆమెకు 5 ఏళ్ళు నిండి ఉంటే, 1864 జూన్‌కూ 1865 జూన్‌కూ మధ్య పుట్టి ఉండాలి. ఐర్లండ్‌లో అన్ని మతాలవారికీ పౌర జనన నమోదు 1864 జనవరి 1న మొదలైంది. అంటే ఆమె పుట్టుక ప్రభుత్వ రిజిస్టరులో ఉండే అవకాశం ఉంది. తండ్రి పుట్టింది నమోదు లేని కాలంలో. కూతురు పుట్టింది నమోదు మొదలైన కొత్తలో. తండ్రిని వదిలి కూతురిని వెతకండి. ఐరిష్ జెనియాలజీ అన్న ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పేజీల ఛాయాచిత్రాలు ఉచితంగానే చూడవచ్చు. క్యాసిల్‌టౌన్ రిజిస్ట్రేషన్ జిల్లాతో మొదలుపెట్టి, తరువాత బంట్రీ, కెన్‌మేర్ జిల్లాలు చూడండి.

పాత దస్తావేజులు:

అమ్మా, నేను ఆంధ్రలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పనిచేసి విరమించినవాణ్ణి. అల్లుడి తరఫువారు ఐరిష్ సంతతివారు కావడంతో, విశ్రాంత జీవితంలో ఈ వ్యాపకం పట్టుకుంది. పై వారు చెప్పిన దానితో నేను ఏకీభవిస్తున్నాను. కాకపోతే ఐర్లండ్ రిజిస్టర్లు తెరిచే ముందు మీ ఇంటి పక్కనే ఉన్న కాగితాలు పూర్తిగా తిరగవేయమని నా సలహా. పుట్టిన పారిష్ పేరు ఎక్కువగా బయటపడేది వలస వెళ్ళిన దేశంలోనే, అందులోనూ మనం వెతికే మనిషి పేరు మీద కాకుండా ఆయన తమ్ముడి పేరు మీదనో, బావమరిది పేరు మీదనో, పక్కింటివారి పేరు మీదనో బయటపడుతుంది.

మిషిగన్‌లో 1867 నుంచి మరణాల నమోదు ఉంది. ఆ పాత రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లకు ఒక గడి కేటాయించారు. గని ప్రమాదంలో పోయిన వలస కార్మికుడి విషయంలో ఆ గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే సమాచారం ఇచ్చినవాడు తోటి కూలీ అయి ఉంటాడు. అయినా చూడకుండా వదలవద్దు. 1868 ప్రాంతంలో పుట్టిన కొడుకు బాప్తిస్మం హాన్‌కాక్ క్యాథలిక్ చర్చి పుస్తకంలో ఉండాలి. హౌటన్ కౌంటీ మార్క్వెట్ డయోసిస్ (బిషప్ పాలనలోని ప్రాంతం) పరిధిలోకి వస్తుంది కనుక చర్చిలో దొరకకపోతే డయోసిస్ కార్యాలయానికి ఉత్తరం వ్రాయవచ్చు. అందులో పిల్లవాడి పేరు కంటే జ్ఞాన తల్లిదండ్రులుగా, అంటే బాప్తిస్మంలో బిడ్డ తరఫున బాధ్యులుగా, నిలబడినవారి పేర్లే మీకు ముఖ్యం. వారి జాడ పట్టుకొని వారి సమాధి రాళ్ళు, పత్రికల్లో వచ్చిన మరణ వార్తలు చూడండి. హౌటన్‌లో వెలువడిన పోర్టేజ్ లేక్ మైనింగ్ గెజెట్ పాత సంచికలు ఉన్నాయి. 1860లలో పోయిన కూలీకి ఒక్క వాక్యం కేటాయించని పత్రికలే 1890లలో పోయిన ‘పాతకాపు’కు అరకాలమ్ వ్రాసేవి; అందులో పుట్టిన పారిష్ కూడా ఉండవచ్చు. అలాగే 1870 జనగణనలో మీవారి ఇంటికి ముందు పేజీ, వెనుక పేజీ చదివి, అక్కడ ఉన్న సల్లివన్‌లను, హారింగ్టన్‌లను ఒక కాగితం మీద వ్రాసుకోండి.

రిజిస్ట్రేషన్ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఒక హెచ్చరిక. కొత్తగా నమోదు చట్టం వచ్చిన ఏ దేశంలోనైనా మొదటి సంవత్సరాలలో ఎగవేత ఎక్కువ. ఐర్లండ్‌లోనూ 1860లలో ఎన్నో జననాలు నమోదు కాలేదు. ఆలస్యంగా వెళితే జరిమానా పడుతుందని తల్లిదండ్రులు పుట్టిన తేదీని ముందుకు జరిపి చెప్పేవారు. అందువల్ల చర్చి పుస్తకంలో బాప్తిస్మం మార్చిలో, ప్రభుత్వ పుస్తకంలో పుట్టుక ఏప్రిల్‌లో కనబడితే కంగారు పడవద్దు. ఇద్దరూ ఒకే బిడ్డ కావచ్చు. హానా పేరు దొరకకపోతే జొహానా, హనోరా అన్న పేర్లు కూడా చూడండి, అమెరికాలో రెండూ హానాగా మారేవి. వయస్సు మీద నమ్మకం పెట్టుకోకుండా 1864 నుంచి 1866 చివరి వరకు చూడండి.

ఒహాయో శాస్త్రి:

డీఎన్ఏ గురించి ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. పరీక్ష ఫలితం పారిష్ పేరు చెప్పదు. అది బంధువుల జాబితాను మాత్రమే ఇస్తుంది. ఆ బంధువులలో ఎవరికైనా తమ పారిష్ కచ్చితంగా తెలిసి ఉంటేనే మీకు ప్రయోజనం. మీ మామగారు పెద్దతరం వారు కనుక పరీక్ష ఆయనకే చేయించండి, మీ వారికి చేయిస్తే ఆ వంశపు వాటా అందులో సగం తగ్గిపోతుంది. బేరా వంటి చోట తరతరాలుగా కొద్ది ఇంటిపేర్ల మధ్యనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల, కంపెనీ ‘నాలుగో తరం దాయాది’ అని చెప్పిన మనిషి నిజానికి అంతకంటే దూరపు చుట్టమై, రెండు మూడు దారుల్లో కలిసి ఉండవచ్చు. కాగితాలు ఒక కొలిక్కి వచ్చిన తరువాత, వాటిని సరిచూసుకోవడానికి దీన్ని వాడుకోవడం మేలు.

రాగిగనుల కోడలు:

మీ అందరికీ కృతజ్ఞతలు. చెప్పిన క్రమంలోనే వెళ్ళాను. మరణ రిజిస్టరులో తల్లిదండ్రుల గడి, పెద్దవారు ఊహించినట్టే, ఖాళీగా ఉంది. కొడుకు బాప్తిస్మంలో మాత్రం జ్ఞానతండ్రిగా ఒక హారింగ్టన్ నిలబడ్డాడు. 1870 జనగణనలో ఆయనది మావారి పూర్వీకుల ఇంటి నుంచి మూడో ఇల్లు. 1890లలో ఆయన పోయినప్పుడు ఇక్కడి పాత పత్రిక ఒకటి వ్రాసిన వార్తలో, ఆయన కార్క్ కౌంటీలోని అలిహీస్ పారిష్‌లో పుట్టినట్టు, హాన్‌కాక్‌లో ఆయనకు ఒక అక్క ఉన్నట్టు ఉంది. ఆ అక్క పేరును భర్త ఇంటిపేరుతో ఇచ్చారు. అది మా మామగారి ముత్తవ్వ పేరే.

ఆ తరువాత క్యాసిల్‌టౌన్ జిల్లా జననాలు చూశాను. అదే తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు హారింగ్టన్ అని ఉన్న ఆడపిల్లలు ఇద్దరు దొరికారు. ఒకామె 1864 చివర పుట్టిన హనోరా, తండ్రి వృత్తి కూలీ. రెండో ఆమె 1865 వసంతంలో పుట్టిన జొహానా, తండ్రి వృత్తి గని కార్మికుడు, నివాసం బాలీడోనెగన్. ఈ రెండో పేజీని పెద్దది చేసి చాలాసేపు చూశాను. పుట్టిన తేదీ, చోటు, బిడ్డ పేరు, తండ్రి పేరు, ఊరు, తల్లి పేరు, వృత్తి అన్నీ ఒకే చేతివ్రాతలో ఉన్నాయి. సమాచారం ఇచ్చిన వ్యక్తి సంతకం ఉండవలసిన చోట అడ్డంగా ఒక ఇంటూ గుర్తు, దాని పక్కన ‘ఆమె గుర్తు’ అని రిజిస్ట్రారు వ్రాసిన మాట ఉన్నాయి. ఆ పేరు కూడా హారింగ్టనే, బహుశా అమ్మమ్మో, మేనత్తో తెలియదు.

గని కార్మికుడు అన్న వృత్తిని బట్టి రెండో కుటుంబమే మాది అనుకోవచ్చా? అనుకోవాలని మనసు తొందరపెడుతోంది కనుకనే అడుగుతున్నాను.

బంట్రీ తెలుగు:

చాలా బాగా వెతికారు. అయినా ఇప్పుడే అనుకోవద్దు. గనుల చుట్టుపక్కల ఒకే మనిషిని ఒక సంవత్సరం కూలీగా, మరుసటి సంవత్సరం గని కార్మికుడిగా వ్రాయడం మామూలే. మీ దగ్గర ఉన్న ఇద్దరు అభ్యర్థులలో ఒకరిని బలపరచే ఆధారం కంటే, మరొకరిని తోసిపుచ్చే ఆధారం ఎక్కువ విలువైనది.

దాన్ని ఇలా రాబట్టవచ్చు. మీవారు 1866లో ఐర్లండ్ వదిలారు. కాబట్టి ఆ దంపతులకు 1867 తరువాత ఐర్లండ్‌లో పిల్లలు పుట్టకూడదు, ఆ అమ్మాయి అక్కడ చనిపోకూడదు, పెరిగి అక్కడ పెళ్ళి చేసుకోకూడదు. రెండు జంటల పేర్లనూ తీసుకొని, 1866 నుంచి 1880 వరకు క్యాసిల్‌టౌన్ జననాలు చూడండి. తరువాత హనోరా, జొహానా పేర్ల మీద చిన్నతనపు మరణాలు, ఆపైన 1880ల, 1890ల పెళ్ళిళ్ళు చూడండి. చివరగా 1901 జనగణన. అది పూర్తిగా మిగిలి ఉంది, ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ దాన్ని 1911 జనగణనతో పాటు ఉచితంగా పెట్టింది. ఏ కుటుంబమైతే అక్కడే కొనసాగిందో, అది మీది కాదు.

మీరు వెతికేటప్పుడు తడబడకుండా ఉండటానికి ఇంకొక మాట. ఐర్లండ్‌లో పారిష్ అన్న మాటకు రెండు వేరు వేరు సరిహద్దులు ఉన్నాయి. అలిహీస్ అన్నది క్యాథలిక్ పారిష్. పన్నుల కోసం, భూముల కోసం వాడిన సివిల్ పారిష్ పేరు కిల్నమనాగ్. అందుకే 1847కూ 1864కూ మధ్య దేశమంతటా ప్రచురించిన గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అనే భూముల పన్ను మదింపు జాబితాలో అలిహీస్ పారిష్ అని వెతికితే మీకు దొరకదు. బేర్ బారొనీ (కౌంటీలో ఒక పాత భూవిభాగం), దానిలో కిల్నమనాగ్, దానిలో బాలీడోనెగన్ అన్న టౌన్‌ల్యాండ్ అని దిగాలి. టౌన్‌ల్యాండ్ అంటే పేరులో పట్టణం ధ్వనించినా, కొన్ని పొలాలు, కొన్ని గడపలు ఉన్న అతిచిన్న భూవిభాగమే. ఐర్లండ్‌లో అరవై వేలకు పైగా టౌన్‌ల్యాండ్‌లు ఉన్నాయి. ఇంకొక తిరకాసు, బేరాలో ఎక్కువ భాగం కార్క్ కౌంటీలో ఉన్నా, చర్చి పాలనలో అది కెర్రీ డయోసిస్ కిందికి వస్తుంది. జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో కార్క్ డయోసిస్ కింద వెతికి, లేదని వెనక్కి వచ్చినవారిని చూశాను.

ఫిరంగిపురం వాసి:

మాది తరతరాల క్యాథలిక్ కుటుంబం కావడం వల్ల విచారణ (అంటే పారిష్) రిజిస్టర్లతో నాకు కొంత పరిచయం ఉంది. కనుక చర్చి పుస్తకంలో ఏమేమి చూడాలో చెబుతాను.

బాప్తిస్మపు నమోదులో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. చర్చి గురువు ఓపికపరుడైతే టౌన్‌ల్యాండ్ కూడా వ్రాస్తాడు. అలిహీస్ ప్రాంతపు పుస్తకాలు 1820ల నుంచి ఉన్నాయి కనుక, జొహానా బాప్తిస్మమే కాదు, 1838 ప్రాంతంలో ఆమె తండ్రి బాప్తిస్మం కూడా అదే పుస్తకంలో ఉండవచ్చు. జొహానాకు నిలబడిన జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి ఎవరో చూడండి. అమెరికాలో కొడుకుకు నిలబడిన హారింగ్టన్, అతని తోబుట్టువులు ఆ పుస్తకంలోనూ కనబడితే మీ గొలుసుకు మరో లంకె దొరికినట్టే.

తరువాత పెళ్ళి చూడండి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో పెళ్ళిళ్ళు చేసేవారు కాదు కనుక ఐర్లండ్ పల్లెల్లో ఆ కాలానికి ముందు వారాల్లోనే పెళ్ళిళ్ళు వరుసకట్టేవి. జనవరి, ఫిబ్రవరి పేజీలు ముందు తిరగేయండి. సాధారణంగా వధువు విచారణలో పెళ్ళి జరిగేది. అది 1864 తరువాత జరిగి ఉంటే ప్రభుత్వ రిజిస్టరులో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు దొరుకుతాయి. అంతకు ముందు జరిగి ఉంటే చర్చి పుస్తకమే దిక్కు, అందులో సాధారణంగా వధూవరులు, సాక్షుల పేర్లతో సరిపెడతారు. పెళ్ళి నమోదు పక్కన బంధుత్వపు మినహాయింపు ఇచ్చినట్టు ఉందేమో తప్పక గమనించండి. అందులో మూడో అంతరం అని ఉంటే, ఆనాటి లెక్క ప్రకారం వధూవరులకు ముత్తాత ముత్తవ్వలు ఒకరే అని అర్థం. ఏ పుస్తకంలోనూ దొరకని పాత తరం సంగతి ఆ ఒక్క మాటలో దొరుకుతుంది.

పిల్లల పేర్ల వరుస కూడా వ్రాసుకోండి. పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం అక్కడి పల్లెల్లో చాలామంది పాటించిన ఆచారం. తాత పేరు మనవడికి పెట్టే మన ఇళ్ళలో పుట్టినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. దాన్ని రుజువుగా వాడకూడదు, ఎక్కడ వెతకాలో చెప్పే సూచనగా మాత్రమే వాడాలి.

రాగిగనుల కోడలు:

తోసిపుచ్చే పద్ధతి పనిచేసింది. కూలీ కుటుంబానికి 1867 నుంచి 1874 వరకు క్యాసిల్‌టౌన్ జిల్లాలోనే మరికొందరు పిల్లలు పుట్టారు. ఆ హనోరా 1880లలో అక్కడే పెళ్ళి చేసుకుంది, పెళ్ళి నమోదులో తండ్రి పేరు, ఊరు సరిపోయాయి. బాలీడోనెగన్ దంపతులు మాత్రం 1865 తరువాత ఐర్లండ్ పుస్తకాలలో మళ్ళీ కనబడలేదు. అలిహీస్ చర్చి పుస్తకంలో జొహానా బాప్తిస్మం దొరికింది. ప్రభుత్వ పుస్తకంలోని పుట్టిన తేదీ కంటే బాప్తిస్మం తొమ్మిది రోజులు ముందు జరిగింది! జ్ఞానతండ్రి పేరు ఇక్కడి మా హారింగ్టన్ పేరే. పెళ్ళి ఇంకా దొరకలేదు, మసకగా ఉన్న పేజీలు కొన్ని మిగిలి ఉన్నాయి.

మా మామగారికి ‘మీ పూర్వీకుల ఊరు బాలీడోనెగన్’ అని చెప్పవచ్చా?

పాత దస్తావేజులు:

మీవారి పారిష్ అలిహీస్ అని నిశ్చింతగా చెప్పవచ్చు. బాలీడోనెగన్ పూర్వీకుల ఊరు అని మాత్రం పెళ్ళి దొరికేవరకు చెప్పవద్దు. గనిలో పనిచేసేవారు పని దగ్గర దొరికిన గుడిసెలో ఉండేవారు. బిడ్డ పుట్టిన చోటు ఒక ఏడాది అద్దె చిరునామాయే కావచ్చు. ఆయన తండ్రి ఎక్కడ భూమి సాగు చేశాడన్నది వేరే ప్రశ్న, దానికి పెళ్ళి నమోదు తరువాత గ్రిఫిత్స్ వాల్యుయేషన్ చూడాలి. అక్కడ ఉన్నది భూమి అనుభవిస్తున్న వ్యక్తి, అతనికి ఆ భూమి ఇచ్చిన వ్యక్తి, విస్తీర్ణం, పన్ను విలువ. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఎవరు ఏమవుతారో అది చెప్పదు. బేరాలో సల్లివన్‌లు మరీ ఎక్కువ కనుక ఒకరినొకరు వేరుచేయడానికి రువా, బాన్ వంటి శాఖాపేర్లు వాడేవారు. మీ ఇంట్లో పాత ఉత్తరాల్లోనో, ముసలివారి మాటల్లోనో ఇటువంటి మాట ఏదైనా అర్థం తెలియకుండా మిగిలి ఉందేమో మీ మామగారిని అడగండి. దొరికితే గ్రిఫిత్స్ జాబితాలోని సల్లివన్‌ల గుంపులో మీవారి గడపను వేరుచేయడానికి అంతకంటే పదునైన పనిముట్టు ఉండదు.

బంట్రీ తెలుగు:

పై మాటతో నేను ఏకీభవిస్తాను. ప్రయాణం కోసం పెళ్ళి పేజీ దొరికేవరకు ఆగనక్కరలేదు, మీ మామగారి వయస్సు దృష్ట్యా ఆగకపోవడమే మంచిది. పారిష్ చిన్నది, చర్చి, గనుల కొండ, మ్యూజియం, బాలీడోనెగన్ సముద్రతీరం అన్నీ అలిహీస్ ఊరి చుట్టూనే ఉన్నాయి. ఆ తీరంలోని ఇసుక కూడా గనిలో రాగి తీసి పారవేసిన రాతిపొడి కొట్టుకువచ్చి పేరుకున్నదే. చలికాలంలో దారులు ఇరుకుగా, తడిగా ఉంటాయి. మే, జూన్ నెలల్లో రండి. మసక పేజీల నంబర్లు నాకు పంపితే, చర్చివారిని అడిగి అసలు పుస్తకంలో ఆ పుటలు చదవగలిగేలా ఉన్నాయేమో కనుక్కుంటాను.